చిన్న ప్రశ్నోత్తరి మన గడప దాకా వచ్చిన దారి



అక్టోబరు నెలాఖరు రాగానే సంస్కరణ దినం గుర్తు చేసుకుంటాం. 1517, విట్టెన్‌బర్గ్ దేవాలయం తలుపు, 95 వాదాలు. ఇవి మన సండే స్కూలు పిల్లలకు కూడా నోటికి వచ్చు. ఆ తర్వాత పన్నెండేళ్లకు, 1529లో, అదే లూథరు గారు ఒక చిన్న పుస్తకం రాశారు. దాని గురించి మన సంఘాల్లో అంతగా మాట్లాడుకోము. దాని పేరు చిన్న ప్రశ్నోత్తరి. కొందరు కేటకిజం అంటారు. నిర్ధారణ తీసుకునే పిల్లలు పరీక్ష కోసం బట్టీ పట్టి, ఆ ఆదివారం అయిపోగానే మరచిపోయే పుస్తకంగా అది మిగిలిపోయింది. అది అందుకోసం రాసిన పుస్తకం కాదు. ఎవరి కోసం రాశారో, ఎలా మన తెలుగు నేలకు చేరిందో, ఈ రోజు మన పత్తి చేనులో, బొగ్గు బాయిలో, వంటింట్లో దానికి ఏం పని ఉందో ప్రార్థనాపూర్వకంగా ఆలోచిద్దాం.

పల్లెలు తిరిగి చూసిన కాపరి

1528లో లూథరు గారు, ఆయన తోటి పనివారు సాక్సనీ ప్రాంతంలోని సంఘాలను ఊరూరా తిరిగి పరిశీలించారు. సంస్కరణ మొదలై పదేళ్లు దాటింది. పుస్తకాలు అచ్చయ్యాయి, వాదోపవాదాలు జరిగాయి, రాజులు పక్షాలు తీసుకున్నారు. పల్లెల్లోకి వెళ్లి చూస్తే మాత్రం ఆయన గుండె కలుక్కుమంది. బాప్తిస్మం పొందినవారే, ప్రభువు బల్లలో పాలు పొందేవారే, కానీ చాలామందికి ప్రభువు ప్రార్థన రాదు, విశ్వాస ప్రమాణం రాదు, పది ఆజ్ఞలు రావు. నేర్పవలసిన బోధకుల్లో కూడా ఎందరికో నేర్పే శక్తి లేదు. ఈ సంగతిని ఆయన ఆ పుస్తకం ముందుమాటలో దాపరికం లేకుండా రాశారు.

ఆ సంవత్సరమే ఆయన ఇంట్లో మరో దుఃఖం. పసికూతురు ఎలిజబెత్ ఎనిమిది నెలలైనా నిండకుండా 1528 ఆగస్టులో చనిపోయింది. 1529 మే నెలలో మరో కూతురు మగ్దలేనా పుట్టింది. పెద్దవాడు హాన్స్‌కు అప్పటికి మూడేళ్లు లేవు. ఇంట్లో భార్య కేథరీన, పిల్లలు, పనివారు, వచ్చిపోయే విద్యార్థులు. ప్రశ్నోత్తరి రాసిన చేయి ఒక పండితుని చేయి మాత్రమే కాదు, పిల్లల తండ్రి చేయి కూడా.

అందుకే ఆ పుస్తకం పుట్టుకే వేరుగా ఉంది. మొదట దాని భాగాలు పెద్ద కాగితాల మీద విడివిడిగా అచ్చయ్యాయి. గోడకు తగిలించుకొని ఇంటిల్లిపాదీ చదువుకోవడానికి. తర్వాత చిన్న పుస్తకంగా వచ్చింది. ఆయా భాగాల తలకట్టులోనే ఇంటి పెద్ద తన ఇంటివారికి దీన్ని సరళంగా నేర్పాలని రాసి ఉంటుంది. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, ప్రభువు బల్ల. వాటితోపాటు ఉదయం లేవగానే చేసే ప్రార్థన, రాత్రి పడుకునే ముందు ప్రార్థన, అన్నం ముందు కృతజ్ఞత. ప్రతి మాట దగ్గర ఆగి దీనికి అర్థమేమిటని పిల్లవాడు అడిగినట్టు ప్రశ్న, తండ్రి చెప్పినట్టు జవాబు.

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో మోషే చెప్పింది ఇదే కదా. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో దేవుని మాటలు మాట్లాడమన్నాడు. లూథరు గారు ఆ ఆజ్ఞకు ఒక పనిముట్టు తయారు చేసి ఇంటివారి చేతిలో పెట్టారు. వేదాంత పండితుడైన తానే రోజూ ఉదయం చిన్నపిల్లవాడిలా ఈ పాఠాలు వల్లె వేసుకుంటానని పెద్ద ప్రశ్నోత్తరి ముందుమాటలో ఆయన ఒప్పుకున్నారు.

జర్మనీలో అచ్చయిన తెలుగు

ఇప్పుడు మన తెలుగు కథలోకి వద్దాం. 1706 జూలైలో జీగెన్‌బాల్గ్, ప్లూషో అనే ఇద్దరు లూథరన్ మిషనరీలు తమిళ తీరంలోని తరంగంబాడిలో దిగారు. ఆ మిషన్‌కు 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ గారు 1726లో మద్రాసుకు తరలి వెళ్లారు. అక్కడి వీధుల్లో తమిళంతోపాటు తెలుగు కూడా వినిపించేది. ఆయన తెలుగు నేర్చుకున్నారు, లేఖనాలను తెలుగులోకి తర్జుమా చేశారు. వాటిని అచ్చు వేయడానికి తెలుగు అక్షరాల అచ్చులు లేవు. ఆరోగ్యం చెడి 1743లో జర్మనీకి తిరిగి వెళ్లినా తెలుగును విడిచిపెట్టలేదు. హాలే పట్టణంలో తెలుగు అక్షరాలు పోత పోయించి 1746, 1747 సంవత్సరాల్లో కొన్ని చిన్న పుస్తకాలు అచ్చు వేయించారు. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకాలు అవే. వాటిలో ఒకటి 1746లో వచ్చిన తెలుగు చిన్న ప్రశ్నోత్తరి.

దేవుని బిడ్డలారా, దీన్ని కాసేపు తలపోయండి. తెలుగు అక్షరం అచ్చుయంత్రం ఎక్కిన తొలి రోజుల్లోనే, ఒక తండ్రి పిల్లవాడికి చెప్పే ప్రశ్నలు, జవాబులు అచ్చయ్యాయి. మన పూర్తి బైబిలు అచ్చు కావడానికి అప్పటికి ఇంకా వందేళ్లకు పైగా ఉంది.

ఆ తర్వాత 1842 జూలై 31న అమెరికా లూథరన్ సంఘాలు పంపిన హయ్యర్ గారు గుంటూరు చేరారు. అప్పటికి ఆయన వయసు 49. అక్కడి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు అండగా నిలిచారు. బడులు మొదలయ్యాయి, ఆడపిల్లలకు కూడా. పల్నాడు, రాజమండ్రి ప్రాంతాలకు పని వ్యాపించింది. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. కోస్తా పల్లెల్లో ప్రశ్నోత్తరి చెప్పుకునే ఇళ్లు ఆ పనిలోంచి పుట్టాయి.

మన జిల్లాల్లో మూడు దారులు

మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతం అప్పట్లో నిజాం రాజ్యం. సువార్త ఇక్కడికి వేరే చేతుల మీదుగా వచ్చింది. హనుమకొండ, జనగామ వైపు అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు పనిచేశారు. డోర్నకల్‌లో తిరునెల్వేలి క్రైస్తవులు స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ పనిచేసింది. అక్కడికి 1909లో వచ్చిన వి.ఎస్. అజరయ్య గారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన తొలి భారతీయుడు ఆయనే. ఆయన పీఠం ఇప్పటి మన మహబూబాబాద్ జిల్లాలోనే ఉంది.

అజరయ్య గారి రోజుల్లో బాప్తిస్మానికి సిద్ధపడేవారిలో ఎక్కువమందికి చదువు రాదు. పొద్దంతా దొరల పొలాల్లో పని, రాత్రి దీపం చుట్టూ ఉపదేశి చెప్పే పాఠం. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, యేసు జీవితంలోని కథలు చెవితో విని నోటితో పలికి గుండెలో దాచుకునేవారు. బాప్తిస్మం పొందినవారు తమ తల మీద తామే చేయి పెట్టుకొని, సువార్త చెప్పకుండా ఉండలేనని పౌలు కొరింథీయులకు రాసిన మాటతో ఒప్పుకునేవారు. వీరు లూథరన్లు కారు. అయినా నేర్చుకున్న మూడు పాఠాలు అవే. ఇంగ్లండు సంఘం ప్రశ్నోత్తరికి కూడా ఆ మూడే పునాది. మన తాత ముత్తాతలకు సంతకం పెట్టడం రాకపోవచ్చు. కానీ దేవుని ముందు ఏం నమ్ముతున్నారో, పొరుగువాని ఎదుట ఎలా బతకాలో చెప్పగలిగేవారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. లూథరన్ లెక్కలో పది ఆజ్ఞల అంకెలు మీకు తెలిసినవాటికి కొంచెం తేడాగా ఉంటాయి. విగ్రహాల మాటను మొదటి ఆజ్ఞలోనే కలిపి, చివర ఆశించవద్దన్న దాన్ని రెండుగా లెక్కిస్తారు. అందువల్ల సి.ఎస్.ఐ., బాప్టిస్టు సంఘాల్లో ఆరవదైన నరహత్య ఆజ్ఞ లూథరన్ లెక్కలో ఐదవది, దొంగతనం ఏడవది, అబద్ధ సాక్ష్యం ఎనిమిదవది. ఆజ్ఞలు మాత్రం అవే. దీని మీద తగువు పడవద్దు.

ఆజ్ఞకు రెండో సగం

ప్రశ్నోత్తరిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఒకటుంది. దేవుడు చేయవద్దన్న చోట లూథరు గారు అక్కడితో ఆగరు. ఆ ఆజ్ఞ వెనక దేవుడు ఏం చేయమంటున్నాడో కూడా చెబుతారు. ప్రతి ఆజ్ఞకు రెండు సగాలు. మనం మొదటి సగం చూసుకొని తృప్తి పడతాం. నేను ఎవరినీ చంపలేదు, ఎవరి సొమ్మూ ఎత్తుకుపోలేదు, నా మీద కేసు లేదు అంటాం. రెండో సగం దగ్గర మన లెక్క తేలుతుంది.

ఐదవ ఆజ్ఞ చూడండి. పొరుగువాని శరీరానికి హాని చేయకపోవడం మొదటి సగం. అతని ప్రాణానికి అవసరమైన ప్రతి చోట సాయపడి స్నేహితునిగా నిలవడం రెండో సగం. ఆకలితో ఉన్నవాన్ని చూసి అన్నం పెట్టకపోతే అతన్ని ఆకలితో చంపినట్టేనని పెద్ద ప్రశ్నోత్తరిలో లూథరు గారు గట్టిగా రాశారు.

ఈ మాట మన నేల మీద పెట్టి చూడండి. 1997-98లో మన మూడు జిల్లాలూ ఒకే వరంగల్ జిల్లాగా ఉన్న రోజులు. పత్తికి పురుగు పట్టింది. మందు మీద మందు కొట్టినా చావలేదు. పంట పోయింది, అప్పు మిగిలింది, మిత్తి పెరిగింది. ఎందరో రైతులు పురుగు మందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. దేశమంతా మన జిల్లా పేరు ఆ విధంగా విన్నది. ఆ గాయం ఇంకా మానలేదు. ఇప్పటికీ మన పల్లెల్లో అప్పుల వల్ల నిద్రపట్టని ఇళ్లు ఉన్నాయి.

అలాంటి ఇంటి పక్కన ఉన్న విశ్వాసికి ఐదవ ఆజ్ఞ ఏం చెబుతుంది? అతన్ని తోసేయలేదు కాబట్టి నీకు సంబంధం లేదని చెప్పదు. అతను మూడు రోజులుగా బయటికి రావడం లేదని గమనించావా, పలకరించావా, కూర్చొని విన్నావా, ఒక పూట అన్నం పంపావా అని అడుగుతుంది. నలుగురిలో అప్పు గురించి అడిగి పరువు తీశావా అని కూడా అడుగుతుంది. దయచేసి ఎవరైనా చనిపోవాలనిపిస్తోందని అంటే నవ్వి కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకండి. సంఘ పెద్దలకు, డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయించండి. ఇది కూడా ఆజ్ఞను గైకొనడమే.

ఏడవ ఆజ్ఞ దగ్గరికి రండి. దొంగతనమంటే గోడ దూకడం ఒక్కటే కాదు. మోసపు సరుకుతో, మోసపు బేరంతో పొరుగువాని సొమ్ము లాక్కోవడం కూడా దొంగతనమేనని ప్రశ్నోత్తరి చెబుతుంది. సామెతలు 11:1లో దొంగత్రాసు దేవునికి అసహ్యమని చదువుతాం. కాంటా దగ్గర తేమ పేరు చెప్పి, తరుగు పేరు చెప్పి ఎక్కువ కోసేవాడు వినాలి. బస్తా బరువు పెరగాలని పత్తి మీద నీళ్లు చల్లేవాడు కూడా వినాలి. మిర్చి ఏరిన కైకిలి వాళ్లకు వారం తిప్పి తిప్పి కూలి ఇచ్చే ఆసామి వినాలి, యాకోబు 5:4 అతని కోసమే ఉంది. అయ్య లేడని గట్టు మీద కూర్చొని పూట గడిపే కూలీ కూడా వినాలి. గెట్టు రాయి చీకట్లో జానెడు జరిపేవాని సంగతి వేరే చెప్పనవసరం లేదు.

రెండో సగం ఇంకా లోతైనది. పొరుగువాని ఆస్తి, జీవనాధారం కాపాడి పెంచడానికి సాయపడాలట. అంటే నా పొలానికి నీళ్లు పారాక పక్కవాడి మడి ఎండుతుంటే నాకు బాధ ఉండాలి. చదువు రాని అవ్వ పింఛను కాగితం పట్టుకొని తిరుగుతుంటే నేను చదివి చెప్పాలి. కౌలు రైతు దగ్గర పంట పోయిన సంవత్సరం కౌలు తగ్గించుకోవాలి. ఇది దానధర్మం అనుకుంటాం. దేవుడు దాన్ని ఆజ్ఞలో భాగంగానే చూస్తాడు.

ఎనిమిదవ ఆజ్ఞ మన ఫోనులో ఉంది. పొరుగువాని గురించి అబద్ధం చెప్పకపోవడంతో సరిపోదు. అతని పక్షాన మాట్లాడాలి, మంచి చెప్పాలి, అతను చేసినదాన్ని వీలైనంత మంచి అర్థంలో తీసుకోవాలి అంటుంది ప్రశ్నోత్తరి. ఒక ఆడపిల్ల గురించి వాట్సాప్‌లో మాట వచ్చిందనుకోండి. నిజమో కాదో తెలియకుండా పది మందికి పంపిన వేలు ఈ ఆజ్ఞను మీరింది. నిజమే అయినా పంపనక్కరలేదు.

మన అనే మాట

చరిత్ర చెప్పేటప్పుడు వెలుగు ఒక్కటే చెబితే అది పూర్తి చరిత్ర కాదు. తరంగంబాడి దేవాలయంలో ప్రశ్నోత్తరి నేర్పారు. ఆ దేవాలయంలోనే కులాన్ని బట్టి వేరువేరుగా కూర్చునే ఏర్పాటు కూడా సాగింది. నోటితో దేవుణ్ణి మన తండ్రి అని పిలిచి, చాప మాత్రం వేరుగా వేసుకున్నారు.

ఆ చాప ఇప్పటికీ మన పల్లెల్లో పూర్తిగా చుట్టేయలేదు. ఒక్క ఊళ్లో మాలవారి చర్చి, మాదిగవారి చర్చి వేరువేరుగా ఉన్న చోట్లు మనకు తెలుసు. పెండ్లి సంబంధం మాట రాగానే బాప్తిస్మం వెనక్కి పోయి కులం ముందుకు వచ్చే ఇళ్లూ తెలుసు. ప్రభువు మనకు నేర్పిన ప్రార్థనలో నా తండ్రీ అనే మాట లేదు, నా ఆహారం అనే మాట లేదు. రోజూ ఆ ప్రార్థన చేసేవాడు పక్కింటివాణ్ణి కూడా తనతో కలుపుకొనే ప్రార్థిస్తున్నాడు. బాప్తిస్మం ఒక్కరోజు తంతు కాదని, మనలోని పాత మనిషి రోజూ మునిగి చావాలని ప్రశ్నోత్తరి బోధిస్తుంది. మన పాత మనిషి కులంలో దాక్కుంటాడు. అతన్ని అక్కడే ముంచాలి.

రొట్టె, నిద్ర

అనుదిన ఆహారం అంటే అన్నం ముద్ద మాత్రమే అనుకుంటాం. లూథరు గారి జాబితా చాలా పొడుగు. బట్ట, చెప్పులు, ఇల్లు, పొలం, పశువులు, మంచి భార్య, పిల్లలు, నమ్మకమైన పనివారు, మంచి పాలకులు, మంచి వాతావరణం, ఆరోగ్యం, మంచి స్నేహితులు, నమ్మదగిన ఇరుగుపొరుగు. ఆ జాబితా చదివితే ఒక రైతు రాసినట్టే ఉంటుంది. వాన కోసం ప్రార్థించే మనం, ఓటు వేసేటప్పుడు, సర్పంచును ఎన్నుకునేటప్పుడు కూడా అదే ప్రార్థనలో ఉన్నామని గుర్తుంచుకోవాలి. డబ్బు తీసుకొని ఓటు వేసినవాడు తన అనుదిన ఆహారాన్ని తానే అమ్ముకున్నాడు.

ఇక ఉదయం, రాత్రి ప్రార్థనలు. ఉదయం ప్రార్థించాక సంతోషంగా నీ పనికి వెళ్లమంటారు. బాయి డ్యూటీకి పోయే తమ్ముడూ, నాటు వేయబోయే చెల్లీ, ఆ పని దేవుడు మీకు అప్పగించిన పిలుపే. బోధకుని పని మాత్రమే పరిశుద్ధమైనది, మీ పని పొట్టకూటిది అనే భేదం లూథరు గారి బోధలో లేదు. రాత్రి ప్రార్థించాక వెంటనే నిశ్చింతగా నిద్రపొమ్మంటారు. ఇంత మామూలు మాట వేదాంత పుస్తకంలో ఎందుకుందా అనిపిస్తుంది. కూతుర్ని మట్టిలో పెట్టి ఏడాది తిరగకముందే ఒక తండ్రి రాసిన మాట అది. రేపటిని దేవుని చేతిలో పెట్టి కళ్లు మూసుకోవడం కూడా విశ్వాసమే.

ఈ వారం నుంచి

పెద్ద కార్యక్రమం ఏమీ అక్కరలేదు. రాత్రి అన్నం తిన్నాక టీవీ, ఫోను పక్కన పెట్టి పది నిమిషాలు కూర్చోండి. వారానికి ఒక ఆజ్ఞ చాలు. ఒక పిల్లవాడు ప్రశ్న అడగాలి, పెద్దవాళ్లు జవాబు చెప్పాలి. చదువు రాని నాయనమ్మ ఉంటే ఆమెనే ముందు చెప్పమనండి, ఆమెకు మనకన్నా ఎక్కువ గుర్తుంటుంది. తండ్రి హైదరాబాదులో పనిలో ఉంటే ఫోనులో కలవండి. తండ్రి లేని ఇంట్లో తల్లే ఇంటి పెద్ద, ఆ బాధ్యత ఆమెకు దేవుడు ఇచ్చిన గౌరవం.

ఆ తర్వాత ఒక్క నిమిషం మౌనంగా ఉండి, నీ స్థానాన్ని బట్టి నిన్ను నీవు పరీక్షించుకో. పాపాలు ఒప్పుకొనే విధానం గురించి ప్రశ్నోత్తరి నేర్పేది కూడా ఇదే. నేను తండ్రినా, కూతురినా, యజమానినా, కూలినా? ఆ స్థానంలో ఈ ఆజ్ఞ రెండో సగాన్ని ఈ రోజు ఎక్కడ వదిలేశాను? ఆజ్ఞలు మనల్ని రక్షించవు. అవి మన అప్పు ఎంతో చూపిస్తాయి. ఆ అప్పు తీర్చినవాడు సిలువ మీద ఉన్నాడని విశ్వాస ప్రమాణం చెబుతుంది. అందుకే ప్రశ్నోత్తరిలో ఆజ్ఞల తర్వాత విశ్వాస ప్రమాణం వస్తుంది. ఆ క్రమం మరచిపోవద్దు. అప్పు తీరిందని తెలిసినవాడే పొరుగువాని అప్పు గురించి కనికరంతో ఆలోచించగలడు.

పరలోకమందున్న తండ్రీ, మా ఇళ్లలో నీ మాట మళ్లీ వినిపించనివ్వు. మా కాంటాలను, మా నాలుకలను, మా గెట్లను సరిచేయి. అప్పులతో కుంగినవారికి మమ్మల్ని పొరుగువారిగా పంపు. రాత్రి మాకు నిశ్చింతైన నిద్ర, ఉదయం సంతోషంతో కూడిన పని అనుగ్రహించు. యేసు నామంలో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.